శృంగారమునుండి హాస్యము: మిలన్ కుందేరా కథలలో ప్రేమ, స్వేచ్ఛ, నీతి

హాస్యము శృంగారమునుండి జనించునని భరతుడు నాట్యశాస్త్రమున చెప్పెను. రౌద్రమునుండి కరుణమును, వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని చెప్పినచోటనే ఈ మాటయు నున్నది. తక్కిన మూడు జంటలను అంగీకరించుట చదువరికి కష్టము కాదు. క్రోధము హింసకు దారితీయును, హింస శోకమును మిగుల్చును. కాని ప్రేమకు నవ్వెట్లు సంతానమగును? అభినవగుప్తుడు దీనికి ఆభాసమును సమాధానముగా చూపెను. ప్రేమ కానిది ప్రేమవలె కనిపించినచో నది శృంగారాభాసము. దానిని ఆభాసముగా గుర్తించినవానికి నవ్వు వచ్చును. సీతపై రావణునకు గల మోహము ఆయన యిచ్చిన ప్రసిద్ధోదాహరణము. రావణుడు తన్ను ప్రేమికునిగానే యెంచుకొనుచున్నాడు. అతనికి నవ్వు రాదు. నవ్వు చూచువానిది.

ఈ సూత్రమును తరగతిలో ఒక వాక్యముతో దాటిపోవుట మనలో పెక్కురకు అలవాటు. ఒక సాహిత్యమునుండి తీసిన సూత్రము దానితో నేసంబంధమును లేని మఱియొక సాహిత్యమున ఎంతవఱకు నిలుచునో చూచినగాని దాని బలము తెలియదు. ఈ పరీక్షకు మేము చెక్ నవలాకారుడైన మిలన్ కుందేరా కథలను గైకొనుచున్నాము. ఆయన భరతుని చదివెనని మా వాదము కాదు. ప్రేమను, స్వేచ్ఛను, నీతిని వ్యంగ్యమునకు విషయముగా చేసికొని జీవితాంతము వ్రాసిన రచయితలలో ఆయన ప్రముఖుడు. కావున సూత్రమునకు గల శక్తియు, దానికి గల హద్దును ఆయన రచనలందు స్పష్టముగా గోచరించునని మా నమ్మకము.

కుందేరా 1929లో బ్ర్నో నగరమున జన్మించెను. తండ్రి లుద్వీక్ కుందేరా పియానో విద్వాంసుడు. మిలన్ కమ్యూనిస్టు పార్టీనుండి 1950లో బహిష్కృతుడై, 1956లో మరల చేర్చుకొనబడి, 1970లో తిరిగి బహిష్కృతుడయ్యెను. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు చెకొస్లొవేకియాను ఆక్రమించిన పిమ్మట ఆయన గ్రంథములు గ్రంథాలయములనుండి తొలగింపబడినవి. ప్రాగ్‌లోని చలనచిత్ర విద్యాలయమునందలి ఉద్యోగమును పోయినది. 1975లో ఫ్రాన్సునకు వెడలెను. 1979లో స్వదేశ పౌరసత్వమును కోల్పోయి, 1981లో ఫ్రెంచి పౌరుడై, 2019లో చెక్ పౌరసత్వమును మరల బడసి, 2023లో పారిస్ నగరమున మరణించెను. 'హాస్యాస్పద ప్రేమలు' అను కథలు 1963, 1965, 1968 సంవత్సరములలో మూడు చిన్న పుస్తకములుగా వెలువడినవి. వానినుండి రచయిత తుదకు ఏడింటిని మాత్రమే నిలుపుకొనెను. 'పరిహాసము' అను తొలినవల 1967 నాటిది. ఆయనకు లోకప్రసిద్ధి తెచ్చిన 'అస్తిత్వముయొక్క దుర్భర లాఘవము' 1984లో ఫ్రెంచి అనువాదముగా మొదట ప్రకటితమైనది.

ఈ రచనలను చదువుటలో రెండు వాడుక మార్గములు కలవు. మొదటి మార్గమువారు వీనిని నియంతృత్వముపై వ్రాసిన రాజకీయ వ్యంగ్యములుగా చదువుదురు. రెండవ మార్గమువారు వీనిని స్వైరప్రణయ కథలుగా చదివి, మెచ్చుకొనియో నిందించియో విడుతురు. మొదటివారికి ప్రేమ పైపూత, రాజకీయము లోహము. రెండవవారికి రాజకీయము గోడపై చిత్రము, ప్రేమయే గది. ఈ రెండును అసంపూర్ణములని మా అభిప్రాయము. 'పరిహాసము'ను కేవల రాజకీయ నిందగా చదివినప్పుడు, అది ప్రేమకథయని రచయితయే పట్టుపట్టిన సంగతిని గుర్తుంచుకొనవలెను. ప్రేమలో మనుష్యుడు తన్ను తాను మోసగించుకొను పద్ధతియు, సిద్ధాంతములో మోసగించుకొను పద్ధతియు ఒక్కటే యని ఆయన దర్శనము. ఆ పద్ధతినే మన శాస్త్రము ఆభాసమనుచున్నది.

ముందుగా 'ఎవ్వరును నవ్వరు' అను కథను పరిశీలింతము. క్లీమా కళాచరిత్రమును బోధించు ఉపాధ్యాయుడు. జాతురెత్స్కీ అను పెద్దమనిషి మికొలాష్ అలెష్ అను చెక్ చిత్రకారునిగూర్చి ఒక వ్యాసము వ్రాసి, దానిపై అభిప్రాయము నీయుమని క్లీమాను వేడుకొనును. వ్యాసమున సారము లేదు. ఆ మాటను నాలుగు వాక్యములలో వ్రాసి పంపిన కథయే యుండదు. కాని ఆ ఉత్తరమునందలి ప్రశంస క్లీమాకు తీపిగా నుండెను. కాదనుటకు మనసొప్పలేదు, అవుననుటకు విద్య యొప్పలేదు. నొప్పింపని మాటలతో తప్పించుకొనజూచెను. జాతురెత్స్కీ విడువలేదు. క్లీమా ఊరలేడని చెప్పించెను, పాఠముల దినములు మార్చుకొనెను, తుదకు తన ప్రియురాలగు క్లారాను ఆ వృద్ధుడు చెఱుపబోయెనని నింద మోపెను. వృద్ధుని భార్య న్యాయము కోరి క్లారా పనిచేయు చోటికి వెదకివచ్చెను. విచారణలు సాగెను. ఉద్యోగము పోయెను, క్లారాయు విడిచిపోయెను. తన కథ విషాదము కాదు, హాస్యమే యని క్లీమా తుదకు తన్ను తాను ఊరడించుకొనును.

పరిశోధన పత్రికలకు వచ్చు వ్యాసములను పరిశీలించు పని చేయువారమగుటచే మేమీ కథను నవ్వుచు మొదలుపెట్టితిమి గాని నవ్వుచు ముగింపలేకపోతిమి. కొఱగాని వ్యాసమునకు మెత్తని ఉత్తరము వ్రాయని పరిశీలకుడు మనలో నెవడు? ఇట దయవలె కనిపించినది దయ కాదు. అది అహంకారము ధరించిన దయావేషము. క్లారాపై క్లీమాకు గల ప్రేమయు నట్టిదే. ఆమెకు మంచి యుద్యోగము చూపెదనని యాశపెట్టి, ఆమె పేరును తన యబద్ధమునకు పనిముట్టు చేసెను. తన కొఱకు పొరుగువారి మానమును, ఆమె మానమును వ్యయపఱచినవాడు ఆమెను కాపాడితిననుకొనుచున్నాడు. శృంగారాభాసమనగా నిదియే.

అయినను రావణునకును క్లీమాకును ఒక భేదమున్నది. రావణుడు తన యాభాసమును తానెఱుగడు. క్లీమా ఎఱుగును, కాని ఆలస్యముగా ఎఱుగును. ఎఱిగిన పిమ్మట నవ్వును. ఆ నవ్వు క్లారా కన్నీటిని గాని, జాతురెత్స్కీ దంపతుల పరువును గాని మరల తేజాలదు. హాస్యమున ఆత్మస్థము, పరస్థము అని భరతుడు చేసిన విభాగమిట మనకు పనికివచ్చును. ఇతరులను నవ్వింపబోయినవాడు తుదకు తనపై తాను నవ్వుకొనవలసి వచ్చుట ఈ కథల సామాన్య నిర్మాణము. పరస్థము ఆత్మస్థముగా మాఱు క్షణమే కుందేరా కథకు పట్టు.

'దారిలో బండి యెక్కు ఆట' అని మేము పేర్కొనదగు కథలో ఈ మార్పు క్రూరముగా జరుగును. ప్రేమించుకొన్న యువతీయువకులు సెలవులకు కారులో బయలుదేరుదురు. ఆమె లజ్జావతి. ఆ లజ్జయే అతనికి ప్రియము. ఒకచోట దిగి మరల ఎక్కునప్పుడు ఆమె అపరిచితురాలివలె నటించును. అతడును అపరిచితుడైన విటునివలె నటించును. అనుకొన్న ఊరికి గాక వేఱొక ఊరికి కారును త్రిప్పును. నటన ఆమెకు మొదట స్వేచ్ఛనిచ్చును. ఎన్నడు నెఱుగని తేలికదనము నొందును. అతనికి మాత్రము, ఇంత చక్కగా నటింపగలిగిన యీమె లోపల నిట్టిదియే కాదా యను శంక పుట్టును. హోటలులో నతడామెను వెలయాలివలె చూచును. అంతయు ముగిసిన పిదప, చీకటిలో నామె తాను తానేయని వెక్కివెక్కి యేడ్చుచు మొఱపెట్టును. సెలవులు ఇంకను పదుమూడు దినములు మిగిలియున్నవి.

ఈ కథలో స్వేచ్ఛను గూర్చిన ప్రశ్న సూక్ష్మమైనది. వేషము వేసికొనిన మనిషికి స్వేచ్ఛ కలుగునన్నది ఒక ఆధునిక విశ్వాసము. కుందేరా దానిని పూర్తిగా కాదనడు. ఆమె కలిగిన యానందము నిజమే. కాని స్వేచ్ఛ ఇద్దఱికి సమముగా పంచబడలేదు. ఆట ముగిసినప్పుడు అతడు ఎట్టివాడో అట్టివాడుగనే మిగులును. ఆమె మాత్రము తన ముఖమును పోగొట్టుకొనెను. చివరి వాక్యము దినముల లెక్కతో ముగియుట యిందుకే. రసభంగమైన పిమ్మటను వారు కలిసి తిరుగవలెను, తినవలెను, నిద్రింపవలెను. ఇచ్చట హాస్యము కరుణమును తాకినది. భరతుని పట్టికలో శృంగారమునుండి హాస్యమునకు మార్గమున్నది గాని, హాస్యమునుండి కరుణమునకు మార్గము చెప్పబడలేదు. కుందేరా ఆ మార్గమున నడచెను. సూత్రమునకు హద్దు మొదట కనిపించునది యిచ్చటనే.

మూడవది 'ఎడువర్డును దేవుడును'. ఇందు నీతియే ప్రధానవిషయము. స్టాలిన్ మరణించిన 1953వ సంవత్సరమున ఎడువర్డ్ అన్న విద్యార్థిగా నుండెను. చెహాచ్కొవా యను సహవిద్యార్థిని శోకమున నిశ్చేష్టయై యున్న భంగిమను చూచి, వేళాకోళము చేయుచున్నదని తలచి నవ్వెను. ఆ నవ్వే అతని చదువును హరించినది. అనంతరకాలమున తమ్ముడు ఉపాధ్యాయుడుగా ప్రవేశించిన పాఠశాలకు ఆమెయే ప్రధానోపాధ్యాయిని. తమ్ముడు అలీస యను యువతిని కోరును. అలీస దేవునియందు భక్తిగలది. దేవుడు నిషేధించెనని దేహమును దూరముగా నుంచును. ఎడువర్డ్ ఆమె కొఱకు భక్తి నటించును. ఆ నటన పాఠశాలవారి కంటబడును. తాను విశ్వాసినే యని అతడు ఒప్పుకొని, తన్ను సంస్కరింపబూనిన ప్రధానోపాధ్యాయినికి లొంగవలసి వచ్చును. అతడు ధర్మము కొఱకు హింసింపబడుచున్నాడని నమ్మి అలీస తన నియమమును విడిచి అతనికి లోబడును. కోరినది చేతికి వచ్చినంతనే అతనికి ఆమె విశ్వాసమును పొల్లుగా తోచెను. ఆమెను విడిచెను.

ఇచ్చట ముగ్గురును తమతమ నీతులను పలికిరి. ముగ్గురి నీతియు కామమునకు దారి యిచ్చినది. నాస్తికసిద్ధాంతమును బోధించునామె మోకరిల్లి ప్రార్థన చేయవలసి వచ్చెను. భక్తురాలు ఆజ్ఞను విడిచెను. దేనిని నమ్మనివాడు రెండు మతములవారిచేతను విశ్వాసిగా మన్నింపబడెను. తెలుగు చదువరికి ఈ యెడ గిరీశము జ్ఞప్తికి రాక మానడు. 'కన్యాశుల్కము'న గిరీశము సంఘసంస్కార భాషను ఎట్లు తన యవసరములకు వాడుకొనునో, ఎడువర్డ్ భక్తిభాష నట్లు వాడుకొనెను. భేద మొక్కటి. గిరీశమునకు పశ్చాత్తాపము లేదు, వెలితియు లేదు. ఎడువర్డ్ తుదకు ఖాళీగా నున్న దేవాలయమున కూర్చుండి, నిజముగా నమ్మదగినది ఏదైన నున్న బాగుండునని తపించును. అట్లు తపించు వేళ నతనికి దేవుని ముఖము కనిపించును, ఎడువర్డ్ చిఱునవ్వు నవ్వును. కుందేరా తన పాత్రను ఆ చిఱునవ్వునకు అప్పగించి తప్పుకొనెను. చలము రచనలతో పోల్చినచో భేదము మఱింత స్పష్టము. చలము ప్రేమావేశమును సత్యముగా నిలిపి, దానిని నొక్కు నీతిని దుయ్యబట్టెను. కుందేరా నీతిని మాత్రమే కాక ఆవేశమును సైతము అనుమానించెను. ఒకరి చేతిలో ప్రేమ ఆయుధము. ఇంకొకరి చేతిలో అది నిందితుడు.

'పరిహాసము' నవలలో నిదే నిర్మాణము విస్తృతమైనది. లుద్వీక్ యను విద్యార్థి తాను కోరిన మార్కేతను ఉడికింపదలచి ఒక కార్డుపై ట్రాట్‌స్కీ పేరు చేర్చి నాలుగు వేళాకోళపు మాటలు వ్రాసి పంపును. పార్టీనుండియు విశ్వవిద్యాలయమునుండియు వెలివేయబడి, సైనిక శ్రామికదళమున చేర్చబడి గనులలో పనిచేయును. ఏండ్లు గడచిన పిమ్మట, తన్ను వెలివేయించిన జెమానెక్ భార్యయగు హెలెనను వశపఱచుకొని పగ తీర్చుకొనబోవును. కాని ఆ దంపతులు అంతకుముందే మనసున విడిపోయిరి. జెమానెక్ వేఱొక పడుచుతో నున్నాడు, ఈ సంబంధమునకు సంతోషించుచునున్నాడు. హెలెన ప్రాణత్యాగమునకై మ్రింగిన మాత్రలు విరేచనపు మాత్రలని తేలును. నవ్వనివారు లుద్వీక్ జీవితమును చెఱచిరి. నవ్వుటయు పగయు తప్ప వేఱెఱుగని లుద్వీక్, ఏ పాపము నెఱుగని హెలెనను చెఱచెను. ఈ సమత్వమే నవలకు గుండె. నవ్వెఱుగని నీతి క్రూరమైనదని చెప్పుట సులభము. నవ్వు మాత్రమే యెఱిగిన స్వేచ్ఛయు క్రూరమేయని అదే పుటలో చెప్పుటకు ధైర్యము కావలెను.

ఇపుడు ఆక్షేపణములను విచారింతము. మొదటిది శాస్త్రసంబంధి. ఆభాసమును గుర్తించుటకు ఔచిత్యమను కొలకఱ్ఱ యుండవలెను. రావణ మోహమును ఆభాసమనుటకు సీతారాముల దాంపత్యము ఎదుట నున్నది. కుందేరా లోకమున అట్టి ప్రమాణ మేది? నైతికనిర్ణయమును ఆపియుంచుటయే నవలయొక్క నీతియను భావమును ఆయన 1993 నాటి 'వంచిత మరణశాసనములు' అను వ్యాసగ్రంథమున ప్రతిపాదించెను. నిర్ణయమును ఆపినచో ఆభాసమును ఆభాసమని యెవడు చెప్పును? మా సమాధానమిది. ప్రమాణము లేకపోలేదు. అది ముందు నిలుపబడలేదు, ఫలితమున కనబడును. క్లారా వెడలిపోవుట, చీకటిలో నాయువతి యేడ్చుట, హెలెన అవమానము, ఇవియే ప్రమాణములు. ఏ ప్రేమ ఎదుటివారిని పనిముట్టు చేసెనో అది ఆభాసమని పాఠకుడే తేల్చుకొనును. రచయిత తీర్పు చెప్పలేదు గాని సాక్ష్యమును దాచలేదు.

రెండవ ఆక్షేపణము గట్టిది. దానిని మేము పూర్తిగా త్రోసిపుచ్చజాలము. కుందేరా నవ్వు స్త్రీలపై బరువుగాను పురుషులపై తేలికగాను పడుచున్నదని పెక్కురు విమర్శించిరి. చెహాచ్కొవా పాత్రను చూడుడు. ఆమె సిద్ధాంతమును గూర్చిన వ్యంగ్యము సార్థకము. కాని కథ ఆమె కురూపమును నవ్వునకు ఊతగా చేసికొనెను. భరతుడు హాస్యమును ఆఱు విధములుగా విభజించి, స్మితహసితములను ఉత్తములకును, విహసితోపహసితములను మధ్యములకును, అపహసితాతిహసితములను అధములకును చెప్పెను. 'ఎవ్వరును నవ్వరు' కథాంతమున స్మితమున్నది. చెహాచ్కొవాను మోకరింపజేసిన ఘట్టమున అపహసితమున్నది. ఒకే రచయిత, ఒకే సంపుటము. దీనిని కప్పిపుచ్చుట విమర్శకునికి తగదు. నిర్ణయమును ఆపుదునని చెప్పిన రచయిత పురుషపాత్రల విషయమున ఎక్కువకాలము ఆపి, కొందఱు స్త్రీపాత్రల విషయమున త్వరగా తీర్చెనని మా తీర్మానము. ఆ లోపము ఆయనకు తెలియక పోలేదేమో యనిపించునట్లు, 1984 నాటి నవలలో తెరెజా పాత్ర నిర్మితమైనది. తొమాష్‌కు ఎందఱో స్త్రీలు. తెరెజాకు పీడకలలు. ఆ కలలను చెప్పునపుడు రచయిత ఒక్కమాఱును నవ్వలేదు. తుదకు తేలికదనమును కోరిన తొమాష్ ఆమె బరువును తనదిగా చేసికొని పల్లెకు వెడలును. హాస్యము ఎచ్చట నిలిచిపోవలెనో ఆ రచయిత నేర్చుకొనెనని చెప్పుట కిది చాలును.

పరిశోధక విద్యార్థులకు ఒక హెచ్చరిక. మేము ఈ గ్రంథములను ఇంగ్లీషు అనువాదముల ద్వారమున చదివితిమి. 'పరిహాసము' 1969 నాటి ఇంగ్లీషు ప్రతిలో అధ్యాయములు తాఱుమారై కొంతభాగము తగ్గింపబడగా రచయిత బహిరంగముగా నిరసించెను. ఆయన సవరించి అంగీకరించిన ప్రతి 1992 నాటిది. హాస్యము స్వరముమీద ఆధారపడిన రసము. ఒక మాట జారినచో స్మితము అపహసితమగును. కావున ఏ ప్రతిని చదువుచున్నామో తెలిసికొనక కుందేరా శైలిని గూర్చి సిద్ధాంతము చేయరాదు.

భరతసూత్రము ఈ పరీక్షలో నిలిచినది, కాని ఉన్నచోటనే నిలువలేదు. శృంగారాభాసమునుండి హాస్యము పుట్టునన్నది చెక్ కథలయందును సత్యమే. ప్రాచీనులకు నవ్వువాడును నవ్వబడువాడును వేఱు. కుందేరా కథలలో నిద్దఱును తుదకు ఒక్కరేయగుదురు. ఆ యైక్యమునందు నవ్వు కరుణమును ముట్టును. తన ప్రేమను చూచి తాను నవ్వుకొనజాలనివాడు ఇతరులకు హాని చేయును. ఇతరుల ప్రేమను చూచి నవ్వుటయే స్వేచ్ఛ యనుకొనువాడును అంత హాని చేయును. ఈ రెంటి నడుమ నున్న ఇఱుకుదారిని చూపుటయే ఈ వ్యంగ్యమునకు గల నీతి. క్లీమా వ్రాయవలసియుండిన నాలుగు నిజమైన వాక్యములు ఆ దారికి మొదటి యడుగు. అవి యెంత కఠినముగా నున్నను ఎవరి పరువును తీసియుండెడివి కావు.